షుగర్ వల్ల ఇన్‌ఫ్లమేషనా, ఇన్‌ఫ్లమేషన్ వల్ల షుగరా? రిపోర్టు చూసి తల తిరుగుతోంది

సందేహాలరావు
మొన్న రక్తపరీక్ష రిపోర్టు వచ్చింది. ఫాస్టింగ్ 118, ఏ1సీ (రెండు మూడు నెలల షుగర్ లెక్క) 6.3. ఇది కొంత ఊహించిందే, మా నాన్నకీ ఉంది. ఊహించనిది దాని కింద లైను. హెచ్‌ఎస్ సీఆర్‌పీ (ఇన్‌ఫ్లమేషన్, అంటే ఒంట్లో వాపు, ఉందేమో చూసే పరీక్షట) 8.4 అని ఎర్ర అక్షరాల్లో, పక్కన పైకి చూస్తున్న బాణం గుర్తుతో. డాక్టరు గారు పై అంకెలు చూసి "అంచు మీద ఉన్నావు, బరువు తగ్గు, నడువు, మూడు నెలల తర్వాత కనపడు" అన్నారు. కింది అంకె చూసి "ఒంట్లో ఎక్కడో ఇన్‌ఫ్లమేషన్ ఉంది, చూద్దాంలే" అని కాగితం మడిచి చేతికిచ్చేశారు. ఆ "ఎక్కడో" అన్న మాట నాకు నిద్ర లేకుండా చేస్తోంది. దీనికి తోడు నాలుగు నెలలుగా కుడి భుజం పట్టేసింది. చొక్కా తొడుక్కోవాలంటే ముందు కుడి చెయ్యి దూర్చి, ఆ తర్వాత మిగతా ఒళ్ళంతా చొక్కాలోకి వెళ్ళాలి. నెట్‌లో చూస్తే సగంమంది షుగరే వాపుకి మూలం అంటారు, సగంమంది వాపే షుగర్‌కి మూలం అంటారు. నా ప్రశ్న ఒక్కటే. షుగర్ తగ్గిస్తే ఆ 8.4, ఈ భుజం, రెండూ దిగొస్తాయా?

తీపిమానేశా
నూటికి నూరు పాళ్ళు షుగరే. నేను తీపి మానేసి ఏడాదైంది, మోకాళ్ళ నొప్పులు హుష్‌కాకి. ఇంకో ఆలోచన పెట్టుకోకు అన్నా.

గోడమీదపిల్లి
రెండు సగాలూ కరెక్టే అయ్యుంటాయి. (ఈ పేరు ఊరికే పెట్టుకోలేదు నేను.)

ల్యాబ్‌కోటు
అంత తొందరెందుకు? సందేహాలరావు గారూ, రక్తం ఇచ్చే ముందు రెండు మూడు వారాల్లో జలుబు, జ్వరం, దెబ్బ తగలడం, టీకా, పన్ను పీకించుకోవడం, అలవాటు లేని బరువులెత్తడం, ఇలాంటివేమైనా జరిగాయా? సీఆర్‌పీ అనేది లివర్ తయారుచేసే ప్రోటీను. ఒంట్లో ఏ మూల గొడవ జరిగినా కొన్ని గంటల్లోనే పెరుగుతుంది, గొడవ సద్దుమణిగితే సుమారు 19 గంటలకోసారి సగం అవుతూ దిగిపోతుంది. గొడవ ఎక్కడ జరిగిందో మాత్రం చెప్పదు. గుండెజబ్బు లెక్కలో 1 లోపు మంచిది, 1 నుంచి 3 మధ్యస్థం, 3 దాటితే రిస్కు ఎక్కువ. 10 దాటితే ఆ లెక్కకే పనికిరాదు, ముందు ఇన్‌ఫెక్షన్ లాంటిదేమైనా ఉందేమో వెతికి మళ్ళీ చేయించమంటారు. మీది 8.4, అటూ ఇటూ కాని చోట ఆగింది. కనీసం రెండు వారాల తేడాతో ఇంకోసారి చూడకుండా ఆ ఒక్క అంకెని పట్టుకుని కథలు అల్లుకోకండి.

సందేహాలరావు
పరీక్షకి పది రోజుల ముందు కాస్త గొంతు నొప్పి. మూడు రోజుల్లో పోయింది. ఇంకేం లేదు.

ల్యాబ్‌కోటు
అప్పటికే వారం గడిచిపోయింది కాబట్టి మొత్తం దాని మీదికే నెట్టెయ్యలేం. ఇంకేదో ఉండొచ్చు, లేదా పొట్ట చుట్టూ ఉన్న కొవ్వే కావచ్చు. బరువెంత?

సందేహాలరావు
బరువు సంగతి అడక్కండి. 91.

కణంలోపల
నేను బయోకెమిస్ట్రీ చెబుతుంటాను, కాస్త పొడుగ్గా రాస్తా, ఓపిక ఉన్నవాళ్ళు చదవండి.

ముందు ఈ "వాపు" అన్న మాట సంగతి. కాలు బెణికితే వచ్చే వాపు ఎర్రబడుతుంది, వేడెక్కుతుంది, నొప్పెడుతుంది, తన పని చూసుకుని వెళ్ళిపోతుంది. మనం షుగర్‌తో జత చేసి మాట్లాడేది అది కాదు. ఇది నివురుగప్పిన నిప్పు. పైకి వాపు ఉండదు, నొప్పి ఉండదు, కానీ రోగనిరోధక కణాలు సన్నగా సంకేతాలు పంపుతూనే ఉంటాయి, లివర్ ఆ సంకేతాలకి సీఆర్‌పీ వదులుతూనే ఉంటుంది. అందుకే నేను దీన్ని వాపు అనను, ఇన్‌ఫ్లమేషన్ అనే అంటాను.

ఇప్పుడు చక్కెర వైపు నుంచి. రక్తంలో గ్లూకోజు ఎక్కువ రోజులు ఎక్కువగా తిరిగితే కనిపించిన ప్రోటీనుకల్లా అంటుకుంటుంది. దానికి ఏ ఎంజైమూ అక్కర్లేదు, దానంతట అదే అంటుకుంటుంది. మీ ఏ1సీ కొలిచేది కూడా అదే కదా, హిమోగ్లోబిన్‌కి అంటిన చక్కెర. ఎర్రకణం సుమారు 120 రోజులు బతుకుతుంది కాబట్టి ఆ మరక వెనకటి రెండు మూడు నెలల సంగతి చెబుతుంది, తర్వాత కణంతోపాటే పోతుంది. కానీ రక్తనాళాల గోడల్లో, కీళ్ళ చుట్టూ ఉండే కొల్లాజెన్ అలా పోదు, ఏళ్ళ తరబడి అక్కడే ఉంటుంది. దానికంటిన చక్కెర మెల్లగా రూపు మారి, ఒక పోగుని ఇంకో పోగుతో ముడేసి, ఏజీఈలు అనే మొండి పదార్థాలవుతుంది. 1912లో మైయార్ అనే ఫ్రెంచి శాస్త్రవేత్త చక్కెరని అమైనో ఆమ్లాలతో కలిపి వేడి చేస్తే గోధుమ రంగుకి తిరగడం గురించి రాశాడు. ఒంట్లో జరిగేది ఆ కుటుంబం రసాయనమే, కాకపోతే పొయ్యి లేదు, 37 డిగ్రీల దగ్గర తీరిగ్గా జరుగుతుంది.

ఈ ఏజీఈలని గుర్తుపట్టే గ్రాహకం కణాల మీద ఉంటుంది, పొట్టిగా రేజ్ అంటారు. ఇంగ్లిషులో ఆ మాటకి వీరావేశం అని అర్థం, పేరు కుదిరింది. అది మీట నొక్కితే కణం లోపల ఎన్ఎఫ్ కప్పా బీ అనే ప్రోటీను లేచి, ఇన్‌ఫ్లమేషన్ జన్యువులని పని మొదలుపెట్టమంటుంది. ఇంకో దారి కూడా ఉంది. గ్లూకోజు మోతాదు మించి లోపలికి వస్తే కణానికి శక్తి తయారుచేసే మైటోకాండ్రియా ఆ లోడు మొయ్యలేక ఘాటైన ఆక్సిజన్ రేణువులని వదులుతుంది, అవి కూడా అదే మీట నొక్కుతాయి. కాబట్టి షుగర్ నుంచి ఇన్‌ఫ్లమేషన్‌కి దారి ఉన్నమాట నిజం.

తీపిమానేశా
చెప్పానా 😎

పొట్టేశత్రువు
సంబరం ఆపండి బాబూ, అది సగం కథ. 6.3 ఏ1సీ ఉన్న మనిషికి ఒంటినిండా ఏజీఈలు పేరుకుపోయి సీఆర్‌పీ 8 దాకా వచ్చిందంటే నేను నమ్మను. షుగర్ పెరగడానికి ఏళ్ళ ముందే పొట్ట లోపల అవయవాల చుట్టూ కొవ్వు చేరుతుంది. అసలు మంట మొదలయ్యేది అక్కడ. కొవ్వంటే నిల్వ గోడౌన్ అనుకునేవాళ్ళు ఒకప్పుడు. 1993లో హోతామిస్లిగిల్ వాళ్ళు లావెక్కిన ఎలుకల కొవ్వులోంచి టీఎన్ఎఫ్ ఆల్ఫా అనే ఇన్‌ఫ్లమేషన్ సంకేతం వస్తోందని, దాన్ని అడ్డుకుంటే ఇన్సులిన్ మళ్ళీ బాగా పనిచేస్తోందని చూపించారు. 2003లో ఇంకో రెండు బృందాలు ఆ కొవ్వులో మాక్రోఫేజులు అనే రోగనిరోధక కణాలు గుంపులుగా చేరి ఉన్నాయని చూపించాయి. కొవ్వుకణం ఉబ్బి ఉబ్బి చచ్చిపోతే దాని చుట్టూ అవి దండలాగా చేరతాయి. సూక్ష్మదర్శినిలో తీసిన ఫొటో ఒకటి చూశాను, మధ్యలో ఖాళీ గుండ్రం, చుట్టూ ముదురు చుక్కలు. అది చూశాక నా పొట్టని నేను మునుపటిలా నిమురుకోలేకపోతున్నాను.

ఆ సంకేతాలేం చేస్తాయంటే, ఇన్సులిన్ వచ్చి కణం తలుపు తడితే లోపల గొళ్ళెం తీసేవాడి చేతులు కట్టేస్తాయి. తలుపు తెరుచుకోదు, చక్కెర బయటే ఉండిపోతుంది. అంటే వరస ఇది: ముందు కొవ్వు, తర్వాత ఇన్‌ఫ్లమేషన్, చివర షుగర్.

తీపిమానేశా
మరి నా మోకాళ్ళ నొప్పులు ఎలా పోయాయి? నేను మానేసింది చక్కెర, కొవ్వు కాదు.

పొట్టేశత్రువు
తీపి మానేశాక ఎన్ని కిలోలు తగ్గారు?

తీపిమానేశా
తొమ్మిది.

పొట్టేశత్రువు
🙂

నడకమాస్టారు
ఆ తొమ్మిదిని నాలుగుతో గుణించుకోండి తీపిమానేశా గారూ. ఒంటి బరువు ఒక కిలో తగ్గితే వేసే ప్రతి అడుగుకీ మోకాలి మీద నాలుగు కిలోల భారం తగ్గుతుంది. మీ మోకాళ్ళు మీకు దణ్ణం పెడుతుంటాయి. ఇందులో ఇన్‌ఫ్లమేషన్ పాత్ర ఎంతో, బరువు పాత్ర ఎంతో విడదీసి చెప్పడం ఎవరి తరమూ కాదు.

తీపిమానేశా
సరే, ఒప్పుకుంటా. కానీ తీపి మానకపోతే ఆ తొమ్మిదీ తగ్గేవాణ్ణి కాదు. కాబట్టి నేనే గెలిచాను.

నైట్‌డ్యూటీ
నర్సుని. మీరంతా పదేళ్ళ లెక్కలు చెబుతున్నారు, మేం చూసేది గంటల లెక్క. ఏనాడూ షుగర్ లేని మనిషి నిమోనియాతో వస్తాడు, గ్లూకోమీటరు పెడితే 210. ఇన్‌ఫెక్షన్‌తో పోరాడేటప్పుడు ఒళ్ళు కార్టిసాల్, అడ్రినలిన్, గ్లూకగాన్ లాంటి హార్మోన్లన్నీ ఒకేసారి వదులుతుంది, లివర్ చక్కెర గుమ్మరిస్తుంది, ఇన్సులిన్ మాట ఎవరూ వినరు. జ్వరం తగ్గాక చాలామందికి షుగరూ దిగుతుంది. అయితే అంతటితో వదిలెయ్యకూడదు, అలాంటివాళ్ళు కోలుకున్నాక ఏ1సీ చేయించుకోవాలి, ముందునుంచే ఉండి తెలియనివాళ్ళు వాళ్ళలో ఉంటారు.

అటువైపు నుంచి కూడా ఒకటి చెప్తా. షుగర్ ఎక్కువగా ఉంటే తెల్లరక్తకణాలు చురుగ్గా పనిచెయ్యవు, పుండు మానదు, పుండు మానక షుగర్ ఇంకా పెరుగుతుంది. గోరుచుట్టు మీద రోకటిపోటు. ఒక పెద్దాయన వచ్చారు, మందులన్నీ సరిగ్గానే వేసుకుంటున్నారు, వారం నుంచి షుగర్ 300 కిందికి దిగట్లేదు, నొప్పి ఎక్కడా లేదంటారు. మేజోడు తీసి చూస్తే బొటనవేలి కింద పుండు. ఆయన బూటు బోర్లించి దులిపితే చొక్కా గుండీ ఒకటి కింద పడింది. వారం రోజులు దాని మీద నడిచారు, పాదంలో స్పర్శ లేక తెలియలేదు. కారణం తెలియకుండా షుగర్ పెరిగితే నేను మొదట చూసేది పాదాలు. అడిగేది తర్వాత.

సందేహాలరావు
అక్కా, ఇది చదివి ఇప్పుడే నా బూట్లు రెండూ దులిపాను.

గోడమీదపిల్లి
నేనూ. నాకు షుగర్ లేదు, అయినా.

మోకాలుచిప్ప
నాదొక విచిత్రం చెప్తా, తెలిసినవాళ్ళు విప్పి చెప్పండి. మోకాలి వాపుకి స్టెరాయిడ్ ఇంజక్షన్ చేశారు. మోకాలు రెండు రోజుల్లో హాయి. షుగర్ మాత్రం మర్నాడు సాయంత్రానికి 290, అయిదు రోజులు అలాగే ఊగింది. ముందు ఎవరూ చెప్పలేదు, మీటరు పాడైందనుకుని కొత్త స్ట్రిప్పుల డబ్బా కూడా తెప్పించాను. పొట్టేశత్రువు గారి లెక్క ప్రకారం ఇన్‌ఫ్లమేషన్ తగ్గితే షుగర్ తగ్గాలి కదా? స్టెరాయిడ్ కంటే గట్టిగా ఇన్‌ఫ్లమేషన్‌ని తొక్కే మందు ఏముంది?

పొట్టేశత్రువు
దెబ్బకొట్టారు. ఆలోచించి చెప్తా.

కణంలోపల
ఆయన ఆలోచించేలోపు నేను చెప్పేస్తా. స్టెరాయిడ్ ఒకే పని చేసే మందు కాదు. ఇన్‌ఫ్లమేషన్‌ని అణచడం ఒక పని, లివర్‌ని చక్కెర తయారుచెయ్యమని తరమడం, కండరాలని ఇన్సులిన్ మాట విననివ్వకపోవడం ఇంకో పని. రెండో పని మొదటిదాన్ని మింగేస్తుంది. మధ్యాహ్నం, సాయంత్రం వేళ ఎక్కువ పెరగడం దాని అలవాటు, అందుకే ఫాస్టింగ్ ఒక్కటే చూసేవాళ్ళకి దొరకదు. షుగర్ ఉన్నవాళ్ళు ఆ ఇంజక్షన్‌కి ముందే డాక్టరుకి చెప్పి, ఓ వారం ఎక్కువసార్లు చూసుకోవాలి.

స్టెరాయిడ్ పక్కన పెట్టి, ఇన్‌ఫ్లమేషన్‌లో ఒక్క తీగనే కత్తిరించే మందులతో చూసినప్పుడు ఏమైందన్నది నాకు ఆసక్తి. 2007లో అనకిన్రా అనే మందు, ఇంటర్‌ల్యూకిన్ 1 అనే ఇన్‌ఫ్లమేషన్ సంకేతాన్ని అడ్డుకునేది, టైప్ 2 రకం షుగర్ ఉన్న 70 మందిలో పరీక్షించారు. 13 వారాల తర్వాత డమ్మీ మందు వాళ్ళతో పోలిస్తే ఏ1సీలో 0.46 తేడా. చిన్న పరీక్షే గానీ, ఇన్‌ఫ్లమేషన్ తగ్గిస్తే షుగర్ కొంతైనా కదులుతుందని చూపించింది. 2017లో కాంటోస్ అని చాలా పెద్దది వచ్చింది, గుండెపోటు వచ్చి, సీఆర్‌పీ 2 లేదా అంతకన్నా ఎక్కువ ఉన్న 10,061 మంది. కనకినుమాబ్ అనే మందుతో సీఆర్‌పీ బాగా తగ్గింది, మధ్య మోతాదులో గుండెపోటు, పక్షవాతం లాంటివి 15 శాతం తగ్గాయి. కానీ షుగర్ అంచు మీద ఉన్నవాళ్ళు షుగర్‌లోకి జారడం మాత్రం ఆగలేదు. ప్రాణాంతకమైన ఇన్‌ఫెక్షన్లు కూడా కాస్త పెరిగాయి, మంటతోపాటు కాపలా కూడా తగ్గుతుంది మరి. అంటే ఇన్‌ఫ్లమేషన్ షుగర్‌కి కారణాల్లో ఒకటి, ఒక్కగానొక్కటి కాదు. సీఆర్‌పీ అంకె దించేస్తే షుగర్ దానంతట అదే దిగుతుందనుకోవడం, పొగ ఊది నిప్పు ఆరిందనుకోవడమే.

పొట్టేశత్రువు
నేను కొవ్వు అన్నాను, సీఆర్‌పీ అనలేదు. నా వాదన ఇంకా బతికే ఉంది.

కణంలోపల
బతికే ఉంది, కాస్త కుంటుతోంది.

ల్యాబ్‌కోటు
ఇంకో తిరకాసు కూడా ఉంది. కొలెస్ట్రాల్‌కి ఇచ్చే స్టాటిన్ మాత్రలు సీఆర్‌పీని తగ్గిస్తాయి. 2008 జూపిటర్ పరీక్షలో రోసువాస్టాటిన్‌తో 37 శాతం తగ్గింది. కానీ అదే పరీక్షలో కొత్తగా షుగర్ వచ్చినవాళ్ళు మాత్ర వేసుకున్నవాళ్ళలోనే కొంచెం ఎక్కువ. గుండెకి జరిగే మేలు దానికంటే చాలా పెద్దది కాబట్టి డాక్టర్లు ఇస్తారు, దయచేసి ఇది చదివి ఎవరూ మాత్రలు ఆపెయ్యకండి. ఒక అంకె దిగితే రెండోదీ దిగాలన్న రూలు లేదని చెప్పడానికి రాశానంతే.

అమృతవాహిని
ఒంట్లో మంట మొత్తం 21 రోజుల్లో కడిగేసే సహజ పొడి నా దగ్గర ఉంది. వివరాలకి మెసేజ్ చెయ్యండి. షుగర్ మందులు ఆపేసినవాళ్ళు

*[మోడరేటర్: పోస్టు మధ్యలోనే కత్తిరించాం. ఇది మూడోసారి.]*

గోడమీదపిల్లి
ఈయన విషయంలో మాత్రం గోడ దిగి ఒక పక్కకే నిలబడుతున్నా.

ఇంతకీనాడౌటు
మరి ఆస్పిరిన్ కూడా ఇన్‌ఫ్లమేషన్ తగ్గించేదే కదా, రోజూ ఒకటి వేసుకుంటే షుగర్ తగ్గదా? ఊరికే అడుగుతున్నా.

కణంలోపల
ఊరికే అడిగారు గానీ ఈ ప్రశ్న వయసు దాదాపు నూటయాభై ఏళ్ళు. 1876లోనే ఎబ్‌స్టైన్ అనే జర్మన్ డాక్టరు, సోడియం సాలిసిలేట్ ఇస్తే షుగర్ రోగుల మూత్రంలో చక్కెర తగ్గుతోందని రాశాడు. అప్పటికి ఇన్సులిన్ పేరు కూడా ఎవరికీ తెలియదు. అయితే ఆ జాతి మందులు షుగర్ మీద పనిచెయ్యడానికి కావాల్సిన మోతాదు గుండెకి రోజూ వేసుకునే చిన్న ఆస్పిరిన్ కంటే ఎన్నో రెట్లు, ఆ మోతాదులో కడుపులో రక్తస్రావం, చెవుల్లో హోరు. సాల్సలేట్ అనే చుట్టం మందుతో ఈ మధ్యకాలంలో చేసిన పరీక్షలో ఏ1సీ 0.37 తగ్గింది, అయినా అది షుగర్ మందుగా నిలదొక్కుకోలేదు. సొంతంగా వేసుకోకండి.

టైప్1పదిహేనేళ్ళు
మీ చర్చలో మేం లేం, గుర్తుచేద్దామని వచ్చా. మా టైప్ 1 షుగర్‌లో వరస అసలు వేరుగా ఉంటుంది. రోగనిరోధక కణాలే ప్యాంక్రియాస్‌లోకి చొరబడి ఇన్సులిన్ చేసే బీటా కణాలని తినేస్తాయి, షుగర్ ఆ తర్వాత. నాకు అప్పుడు పదకొండేళ్ళు, సన్నగా పుల్లలా ఉండేదాన్ని. "తీపి ఎక్కువ తినుంటావు" అని ఇప్పటికీ అనేవాళ్ళున్నారు. పొట్టేశత్రువు గారూ, మీ వరసలో నా పొట్ట ఎక్కడ పెడతారు?

పొట్టేశత్రువు
క్షమించండి, నేను రాసింది టైప్ 2 గురించే, ఆ ముక్క స్పష్టంగా రాయాల్సింది.

టైప్1పదిహేనేళ్ళు
పర్లేదు, అలవాటే. ఇంకోటి, చేతికి సెన్సరు పెట్టుకునేవాళ్ళకి: నొప్పికో జ్వరానికో పారాసిటమాల్ వేసుకుంటే కొన్ని రకాల సెన్సర్లలో షుగర్ లేనిపోని ఎక్కువ చూపిస్తుంది, ఇంకొన్నిట్లో విటమిన్ సి మాత్రలు ఆ పని చేస్తాయి. జ్వరం వల్ల పెరిగిందా, మాత్ర వల్ల అలా కనిపిస్తోందా తెలియాలంటే వేలి కొస గుచ్చి చూసుకోవాల్సిందే.

ల్యాబ్‌కోటు
మంచి పాయింటు. ఆ లెక్కన ఏ1సీకీ దాని వంకరలున్నాయి. ఐరన్ తక్కువై రక్తహీనత ఉంటే ఏ1సీ ఉన్నదానికంటే ఎక్కువ చూపించొచ్చు, ఎర్రకణాలు త్వరగా చచ్చిపోయే జబ్బుల్లో తక్కువ చూపిస్తుంది. సందేహాలరావు గారి ఫాస్టింగ్ 118 కూడా 100 నుంచి 125 మధ్యలోనే ఉంది, 6.3 కూడా 5.7 నుంచి 6.4 మధ్యలోనే ఉంది కాబట్టి రెండూ ఒకే మాట చెబుతున్నాయి, అనుమానం అక్కర్లేదు.

నడకమాస్టారు
ఇంతమంది ఇన్ని చెప్పారు, చెయ్యాల్సింది ఎవరూ చెప్పలేదు. అంచు మీద ఉన్నవాళ్ళ మీద అమెరికాలో పెద్ద పరీక్ష చేసి 2002లో ఫలితాలు చెప్పారు. ఒంటి బరువులో 7 శాతం తగ్గించడం, వారానికి 150 నిమిషాలు వేగంగా నడవడం, ఈ రెండు లక్ష్యాలు పెట్టుకున్నవాళ్ళలో షుగర్ రావడం 58 శాతం తగ్గింది. మెట్‌ఫార్మిన్ మాత్ర వేసుకున్నవాళ్ళలో 31. మీ 91లో 7 శాతం అంటే ఆరున్నర కిలోలు కూడా లేదు రావు గారూ. భోజనం అయ్యాక పది పదిహేను నిమిషాలు నడిచినా తిన్న తర్వాత లేచే షుగర్ శిఖరం తగ్గుతుంది, ఎందుకంటే పనిచేసే కండరం ఇన్సులిన్ పిలుపు కోసం ఆగకుండా గ్లూకోజు లాక్కుంటుంది.

ఇంతకీనాడౌటు
వ్యాయామం చేస్తే కండరాల్లోంచి ఐఎల్ 6 (ఇంటర్‌ల్యూకిన్ 6) అనే సంకేతం వస్తుందట కదా? సీఆర్‌పీ చెయ్యమని లివర్‌కి చెప్పేది అదే కదా? అంటే నడిస్తే ఇన్‌ఫ్లమేషన్ పెరగాలి??

కణంలోపల
మీరు ఊరికే డౌటు అంటారు గానీ పెద్ద పెద్దవాళ్ళని తికమకపెట్టిన ప్రశ్నలే అడుగుతారు. అదే ఐఎల్ 6, కానీ కొవ్వులోంచి రోజంతా సన్నగా కారడం వేరు, వ్యాయామంలో కండరంలోంచి ఒక్కసారి ఎగిసి గంటల్లో దిగిపోవడం వేరు. రెండోది వెనకాలే ఇన్‌ఫ్లమేషన్‌ని చల్లార్చే ఐఎల్ 10 లాంటి సంకేతాలని తెస్తుంది. పిలిచి మాట్లాడి వెళ్ళే మనిషికీ, పొద్దస్తమానం గోడ అవతల నుంచి సణిగే మనిషికీ ఉన్న తేడా.

నైట్‌డ్యూటీ
నిద్ర సంగతి ఎవరూ ఎత్తలేదు. కొన్ని రాత్రులు వరసగా నిద్ర తక్కువైతే ఆరోగ్యంగా ఉన్నవాళ్ళలోనూ ఇన్సులిన్ పని మందగిస్తుంది. నా పేరు చూశారుగా, నేను చెప్పడమే తప్ప చేసేది లేదు.

భుజంబాధితుడు
అందరూ ఆయన భుజం మర్చిపోయారు. చొక్కాలో ముందు నొప్పి చెయ్యి దూరుస్తున్నారంటే అది ఫ్రోజెన్ షోల్డర్ కావచ్చు, నాకూ అలాగే మొదలైంది. షుగర్ ఉన్నవాళ్ళకి ఇది మిగతావాళ్ళకంటే ఎక్కువ వస్తుంది. కణంలోపల గారు చెప్పారే, కొల్లాజెన్‌కి చక్కెర అంటుకుని పోగులు ముడిపడతాయని, కీలు చుట్టూ ఉన్న సంచి దళసరెక్కి బిగుసుకోవడంలో దానికీ వాటా ఉందంటారు. కానీ దీంట్లో సీఆర్‌పీ సాధారణంగా మామూలుగానే ఉంటుంది. కాబట్టి మీ 8.4ని భుజం ఖాతాలో రాయకండి. ఇంకో చేదు నిజం, షుగర్ దించినంత మాత్రాన నెలలో వదలదు. ముందు నొప్పి, తర్వాత బిగుతు, ఆ తర్వాత మెల్లగా వదలడం, ఏడాది నుంచి మూడేళ్ళు. ఫిజియోథెరపీ మొదలుపెట్టండి, ఆపకండి. స్టెరాయిడ్ ఇంజక్షన్ అంటే మాత్రం పైన మోకాలుచిప్ప గారి పోస్టు గుర్తుంచుకోండి.

దంతవేదాంతం
నేను అడగాల్సినది ఎవరైనా అడుగుతారేమోనని చూస్తున్నా. రావు గారూ, బ్రష్ చేసేటప్పుడు చిగుళ్ళలోంచి రక్తం వస్తుందా?

సందేహాలరావు
అది ఎప్పటినుంచో ఉంది, రెండు మూడేళ్ళు. గట్టిగా తోముతాను కదా అనుకున్నా. అదీ లెక్కేనా?!

దంతవేదాంతం
రెండు మూడేళ్ళు!! అదే లెక్క. నోట్లో ఉంది కాబట్టి ఎవరికీ ఒంట్లో భాగంలా అనిపించదు. చిగురు పంటిని వదిలి లోతుగా జారితే, అలాంటి గుంటలు పళ్ళన్నిటి చుట్టూ కలిపి చూస్తే అది చిన్న పుండు కాదు, అరచేతి మీద ఎప్పుడూ మానని పుండు ఉంటే ఊరుకుంటారా? అక్కడి సూక్ష్మజీవులు, సంకేతాలు రోజూ రక్తంలోకి. షుగర్ ఉంటే చిగుళ్ళ జబ్బు ముదురుతుంది, చిగుళ్ళ జబ్బు ఉంటే షుగర్ అదుపు తప్పుతుంది. ఇద్దరూ తోడుదొంగలు. షుగర్ ఉన్నవాళ్ళకి చిగుళ్ళ కింద లోతుగా శుభ్రం చేస్తే మూడు నాలుగు నెలల్లో ఏ1సీ సగటున 0.4 దాకా తగ్గిందని చాలా పరీక్షలు కలిపి చూసినవాళ్ళు తేల్చారు. ఇంకో మాత్ర చేర్చినంత పని అది. మీరు అంచు మీద ఉన్నారు కాబట్టి అంత తగ్గుతుందని మాటివ్వను. అయినా వెళ్ళండి.

మోకాలుచిప్ప
ఇది చదివి అద్దం ముందు నిలబడి పెదవి పైకెత్తి చూసుకున్నవాళ్ళు చేతులెత్తండి. ✋

గోడమీదపిల్లి
✋ ముందు బూట్లు, ఇప్పుడు చిగుళ్ళు. ఈ చర్చ వల్ల నేను ఇంకో పని చేసుకోలేకపోతున్నా.

సందేహాలరావు
ఏడు వారాల తర్వాత వచ్చాను, తిట్టకండి. చిగుళ్ళు రెండు సిట్టింగుల్లో శుభ్రం చేశారు, కొన్నిచోట్ల 6 మిల్లీమీటర్ల లోతు ఉందట. మొదటివారం చల్లనీళ్ళు తాగినా జివ్వుమనేది, ఇప్పుడు తగ్గింది. బరువు 87.5. మొన్న సీఆర్‌పీ మళ్ళీ చేయించా: 3.2. దంతవేదాంతం గారికి సాష్టాంగం.

దంతవేదాంతం
ఆరునెలలకోసారి వెళ్ళండి, ఆ సాష్టాంగం అక్కడ పెట్టండి.

పొట్టేశత్రువు
మూడున్నర కిలోలు తగ్గాడాయన. క్రెడిట్ అంతా పళ్ళకేనా?

తీపిమానేశా
తీపి కూడా తగ్గించే ఉంటాడు. అన్నా, చెప్పు.

సందేహాలరావు
తగ్గించా. నడుస్తున్నా కూడా. ఏది దేనివల్ల తగ్గిందో నాకు తెలియదు బాబూ, అన్నీ ఒకేసారి చేశాను.

ల్యాబ్‌కోటు
సీఆర్‌పీ మనిషి ఊరికే ఉన్నా అటూ ఇటూ ఊగుతుంది, మొదటి 8.4లో గొంతు నొప్పి తాలూకు మిగులు కూడా కాస్త ఉండొచ్చు. రెండు అంకెలతో ఎవరికీ పతకాలు ఇవ్వలేం. 3.2 అంటే ఇంకా గీత మీదే ఉన్నారు. ఏ1సీ ఇప్పుడే చేయించకండి, మొదటి పరీక్షకి మూడు నెలలు నిండాక చూస్తేనే కొత్త ఎర్రకణాల మాట వినబడుతుంది.

భుజంబాధితుడు
భుజం?

సందేహాలరావు
ఫ్రోజెన్ షోల్డరేనట. రోజూ గోడ మీద వేళ్ళు పాకిస్తున్నా. మొదటిరోజు పెన్సిల్‌తో గీసుకున్న గీత కంటే నాలుగు వేళ్ళు పైకి వెళ్ళింది. వెనక జేబులోంచి పర్సు మాత్రం ఇంకా ఎడమ చేత్తోనే తీస్తున్నా.